బెల్లం పెట్టరాదు

పోయిన వారం చర్మం డాక్టరు రాసిచ్చిన మాత్రల డబ్బా విప్పగానే, లోపలి నుంచి ఎనిమిది మడతలు పెట్టిన పల్చటి కాగితం ఒకటి జారి నా ఒళ్లో పడింది. రెండు నెలలుగా నాకు మోకాళ్ల కింద దురద. తిరుచానూరు రోడ్డులో మా ఇంటికి నాలుగు సందుల అవతల ఉండే ఆ డాక్టరు కుర్రాడు నా కాళ్లను చూసినంత సేపటికి రెట్టింపు సేపు తన కంప్యూటరును చూసి, మాత్రలు రాసి, తగ్గిపోతుంది తాతా అన్నాడు. ఏం మందు, ఎందుకు, వికటిస్తే ఏం చేయాలి, ఒక్క ముక్క లేదు. అవన్నీ ఈ కాగితంలో ఉంటాయట. నేను నలభై ఏళ్లు చిత్తూరులో ఒక అచ్చాఫీసులో కంపోజిటరుగా పనిచేసినవాణ్ణి. బడి చదువు ఐదో తరగతితో సరి. ఆ తర్వాత చదివిందంతా సీసపు అక్షరాలను తలకిందులుగా పేర్చుకుంటూ చదివిందే. ఏ అక్షరం ఎంత ఉంటే మనిషి కంటికి ఆనుతుందో నాకు తెలుసు. ఇంత చిన్న అక్షరం మేము పంచాంగం చివర తప్పొప్పుల పట్టికకు కూడా వాడలేదు. ఇది మనిషి చదవడానికి వేసిన కాగితం కాదు. రేపు ఏదన్నా అయితే, చదవలేదని మన మీదే నేరం మోపడానికి వేసిన కాగితం. ఆ కోపంతోనే భూతద్దం తెచ్చుకుని మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను. మూడో వరుసలో మందు పేరు, దాని పక్కనే అది స్టెరాయిడ్ అన్న మాట కనిపించాయి. భూతద్దం పక్కన పెట్టేశాను. ఆ మందు నాకు పాత పరిచయం. పన్నెండేళ్ల కిందట నా చేతులతో దాన్ని ఒక గుర్రానికి తినిపించాను.

గుర్రం మా బావది, అంటే మా పెద్దక్క మొగుడిది. చిత్తూరు నుంచి కార్వేటినగరం వైపు పోయే దారిలో, రోడ్డు మీంచి లోపలికి ఒక మైలు నడిస్తే వాళ్ల చెరుకు తోటలు, బెల్లం గానుగ. గుర్రంతో ఏమాత్రం అవసరం లేని మనిషి ఎవరైనా ఉన్నారంటే మా బావే. దున్నడానికి ట్రాక్టరు ఉంది, తిరగడానికి మోపెడ్డు ఉంది. అయితే ఆయన చిన్నప్పుడు వాళ్ల తాత ఆయన్ని కార్వేటినగరం కోట గోడల పక్కన కూర్చోబెట్టి, ఇక్కడ రాజావారి గుర్రాలు ఉండేవని, వాటికి ఉలవలు ఉడకబెట్టే పని మన వాళ్లదేనని చెప్పేవాడట. ఆ ఉలవల వాసన అరవై ఏళ్లు ఆయన ముక్కులోనే ఉండిపోయినట్టుంది. తిరుచానూరులో పెళ్లి ఊరేగింపులకు గుర్రాన్ని అద్దెకిచ్చే బ్యాండు మేళం వాళ్లు, పెళ్లికొడుకులంతా పూల కార్ల మీద మోజు పడడంతో, తమ తెల్ల ఆడగుర్రాన్ని అమ్మేస్తున్నారని ఎవరో చెప్పారు. ఆయన ఇంట్లో ఒక్క మాట చెప్పకుండా పోయి కొనుక్కొచ్చాడు. లారీలోంచి దాన్ని దించుతుంటే మా అక్క గడపలో నిలబడి, "ఈ వయసులో మల్లా పెండ్లేమన్నా చేసుకుంటా ఉండావా?" అని అడిగింది. ఆయన గుర్రానికి నీళ్లు పెట్టాడు. దానికి అమ్మణ్ణి అని పేరు పెట్టుకున్నాడు. మా వైపు ఆడపిల్లను ముద్దుగా పిలిచే మాట అది. వాళ్లకు ముగ్గురూ మగపిల్లలే.

అమ్మణ్ణికి ఆ ఇంట్లో దొరికిన ప్రేమకు కొదవ లేదు గానీ, గుర్రం కాపురం ఉండవలసిన చోటు మాత్రం అది కాదు. బెల్లం గానుగ దగ్గర ఒక ఆచారం ఉంది. గానుగ ఆడుతున్నన్నాళ్లూ అక్కడికి వచ్చినవాళ్లను వట్టి చేతులతో పంపకూడదు. పోస్టుమ్యాన్ గానీ, దారి తప్పినవాడు గానీ, పెనం దించగానే ఒక ఆకులో వేడి వేడి బెల్లం పెట్టాలి. పెట్టకపోతే ఆ ఏడు బెల్లం గట్టిపడదని నమ్మకం. గుర్రం కూడా వచ్చినవాళ్ల లెక్కే కదా. కూలీలు పెట్టేవాళ్లు, మా అక్క పెట్టేది, బెల్లం కొనడానికి వచ్చినవాళ్లు తమ ఆకులోంచి చిటికెడు తీసి దాని మూతికి అందించేవాళ్లు. ఆపైన చెరుకు ఆకు మోపులు, ఉడకబెట్టిన ఉలవలు. రెండేళ్లలో దాని వీపు మంచమంత వెడల్పయింది. మెడ పైన, జూలు కింద, కొవ్వు దిండులా పొంగింది. అదంతా ఆరోగ్యమే అనుకున్నాం. మా వాళ్ల దృష్టిలో పక్కటెముకలు కనిపించే జంతువు ఇంటి యజమానికి అవమానం. చుట్టుపక్కల ఏ ఊళ్లో పెళ్లయినా మా బావ దాన్ని ఉత్త పుణ్యానికి తోలుకుపోయి పెళ్లికొడుకును ఊరేగించేవాడు. దాని తలకు మల్లెపూలు చుట్టి, కళ్లెం పట్టుకుని తాను ముందు నడిచేవాడు. పెళ్లికొడుకు ముఖంలో కంటే ఈయన ముఖంలోనే పెళ్లికళ జాస్తిగా ఉంటుందని మా అక్క దెప్పేది.

మూడో ఏడు వానలు వెనకబడి కార్తీకం దాకా పడ్డాయి. తోటల్లో నీళ్లు నిలిచిపోయాయి. కంటికి కనిపించీ కనిపించనట్టుండే నుసుములు పొద్దు పొడిచే వేళా, పొద్దు గూకే వేళా పొగలాగా లేచేవి. మనుషులకు అవి చిరాకు, అంతే. అమ్మణ్ణికి మాత్రం ఒళ్లంతా నిప్పు పోసినట్టే. మొదట తోక రుద్దుకుంది. తర్వాత మెడ. కొట్టం కప్పును మోసే రాతి కూసానికి ఒరుసుకుని ఒరుసుకుని జూలంతా ఊడగొట్టుకుంది. చర్మం చిట్లి పుండ్లు పడ్డాయి. దురదకు ఊరంతా వైద్యులే. ఒకాయన గజ్జి అన్నాడు, కొబ్బరినూనెలో గంధకం కలిపి పూయమన్నాడు. ఇంకొకాయన, పెళ్లిళ్లలో అందరి కళ్లూ దీని మీదే కదా, దిష్టి అన్నాడు. మా అక్క వేపాకు, పసుపు నూరి పూసింది. తెల్ల గుర్రం పచ్చ గుర్రం అయింది గానీ దురద పోలేదు. కానుగ నూనె రాస్తే రెండు పూటలు నెమ్మదించేది, మూడో పూట మళ్లీ మొదలు. మేత తగ్గించింది, నిద్ర మానేసింది. పుండ్లలో పురుగులు పడ్డాక, ఒక పెద్దమనిషి వచ్చి, దీన్ని యాడన్నా అడివి పక్కన వదిలేసి రా అప్పా, ఇంట్లో పెట్టుకుని సూడడం కూడా పాపమే అని సలహా చెప్పిపోయాడట. ఆ మాట ఫోనులో నాకు చెబుతూ చెబుతూ మా బావ ఆగిపోయాడు. ఆయన మామూలుగానే తక్కువ మాట్లాడే మనిషి. ఆయన ఆగిపోయాక, వెనక నుంచి రాయికి చర్మం రాసుకునే చప్పుడు నాకు వినిపించింది. మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను.

నేను పోయేసరికి పశువుల డాక్టరమ్మ వచ్చి ఉంది. ముప్పై ఏళ్లు దాటని పిల్ల. చెప్పులు విప్పి పక్కన పెట్టి, చుడీదారు పైకి మడుచుకుని, ఒక్కొక్క పుండే కడిగి పురుగులు తీస్తోంది. ఆ పని పూర్తయ్యాక చెప్పింది, ఇది గజ్జి కాదు, దిష్టి కాదు, నుసుముల కాటు కొన్ని గుర్రాల ఒంటికి పడదు అని. కుట్టేది ఒకచోట అయితే ఒళ్లంతా తిరగబడుతుందట. ఆ తర్వాత ఆమె దాని మెడ మీది కొవ్వు పిడికిట పట్టి చూసింది. పక్కటెముకల కోసం తడిమింది, చేతికి దొరకలేదు. నాలుగు గిట్టలూ ఎత్తి చూసింది. చూస్తూ చూస్తూ ముఖం ముడుచుకుంది.

"దురదకు మందు ఉండాది సార్, స్టెరాయిడ్. మూడు నాలుగు దినాల్లో రుద్దుకునేది ఆపేస్తాది," అంది మా బావతో. "అయితే ఇంత లావుగా ఉండే గుర్రానికి అది గిట్టల మీదికి పోవచ్చు. గిట్ట లోపల వాపొస్తే గుర్రం నిలబడలేదు. నిలబడలేని గుర్రం బతకదు."

స్టెరాయిడ్ అన్న మాట వినగానే నేను లేచి నిలబడ్డాను. ఆ మందుతో నాకు అప్పటికే పగ ఉంది. నగరిలో మా పిన్ని ఒకావిడ ఉండేది. మగ్గాల దుమ్ముకు ఆమెకు ఉబ్బసం పట్టుకుంది. ఎవరో నాటు వైద్యుడి దగ్గర నుంచి పేరూ ఊరూ లేని తెల్ల పొడి పొట్లాలు తెప్పించుకుని వేసుకునేది. నెల తిరక్కుండా ఉబ్బసం మాయం. ఆకలి పెరిగింది, ముఖం పున్నమి చంద్రుడిలా నిండింది, ఇన్నాళ్లకు పిన్ని ఒళ్లు చేసిందని మేమంతా సంతోషించాం. రెండో ఏడు బస్సు దిగుతూ కాలు జారితే తుంటి ఎముక పుటుక్కున విరిగింది. ఆసుపత్రిలో ఆ పొట్లం చూసి, ఇన్నాళ్లు ఈమె తిన్నది స్టెరాయిడ్ అని చెప్పారు. నేను ఆ మాట విన్న కోపంలో, మిగతా మాట వినకుండా ఇంటికి పోయి పొట్లాలన్నీ మురిక్కాలవలో పారబోశాను. నాలుగో రోజుకు పిన్ని తల ఎత్తలేకపోయింది. వాంతులు, కళ్లు తేలేసింది. మళ్లీ ఆసుపత్రికి మోసుకుపోతే అక్కడి డాక్టరు నన్ను పట్టుకుని కడిగేశాడు. ఈ మందు ఎక్కిన మెట్లన్నీ ఒక్కొక్కటిగా దిగాలి, మేడ మీంచి దూకకూడదు అన్నాడు. పిన్ని బతికింది. నేను మాత్రం ఆ రోజు నుంచి ఆ మందు గురించి ఎక్కడ ఏ కాగితం దొరికినా, పాత పుస్తకాల అంగట్లో తూకానికి కొన్నవి కూడా, వదలకుండా చదివాను. కాబట్టి డాక్టరమ్మ ముందు నా పాండిత్యమంతా ఒలకబోశాను. ఎముకలు, చక్కెర, పుండ్లు మానకపోవడం, ఉన్నట్టుండి ఆపితే వచ్చే ప్రమాదం. ఆ పిల్ల ఓపిగ్గా విని, మీరు చెప్పిందాంట్లో ఒక్కటీ తప్పు లేదు పెద్దాయనా అంది. నా కోపానికి ఆధారం లేకుండా పోయింది.

అంతసేపూ మా బావ మా ఇద్దరి ముఖాలూ చూస్తూ నిలబడ్డాడు. పెనంలో పాకం ముదిరిందో లేదో ఆయన ముఖం చూసి ఎవరూ చెప్పలేరు; వేళ్లు నీళ్లలో ముంచి పాకంలో పెట్టి తీసి, ఉండ కట్టి చూసి, అప్పుడు ఒక్క మాట చెబుతాడు. ఆ రోజూ అంతే.

"నీ గుర్రమైతే ఏం చేస్తావు తల్లీ?" అని అడిగాడు.

ఆమె గుర్రం వైపు తిరిగింది. అమ్మణ్ణి కూసానికి మెడ ఆనించి మళ్లీ మొదలుపెట్టింది. కడిగిన పుండు నుంచి నెత్తురు రాయి మీదికి కారింది. "ఇస్తాను సార్," అంది ఆ పిల్ల. "గిట్టలు రేపటి భయం. ఈ పుండ్లు ఈ పొద్దే చంపుతా ఉండాయి. కానీ ఇచ్చినన్నాళ్లూ రెండు పూటలా గిట్టలు పట్టి సూస్తాను. తీపి అనేది దాని నోటికి తగలనీను."

తీపంటే ఏది అని మా బావ అడిగాడు. ఆమె గానుగ వైపు చూసింది. మేమూ చూశాం. పెనంలో పాకం కుతకుత ఉడుకుతోంది.

ఇక సూదా, మాత్రలా అన్నది మిగిలింది. సూది ఒక్కటి వేస్తే వారాల తరబడి పనిచేస్తుందట. అందరికీ సులువు. వద్దని పట్టుబట్టింది నేనే. సూదిలో పోయిన మందును వెనక్కి తీసుకోలేం, మాత్రలైతే తగ్గించుకుంటూ రావచ్చు అన్నాను. డాక్టరమ్మ సంతోషంగా ఒప్పుకుంది. ఆమె ఇంకో మాట కూడా చెప్పింది. అసలు మందు నుసుములు కుట్టకుండా చూడడమేనని, పొద్దునా సాయంత్రమూ గుర్రాన్ని కొట్టంలో కట్టి ఫ్యాను పెట్టమని, మెడ నుంచి తోక దాకా కప్పేట్టు పల్చటి గుడ్డతో అంగీ లాంటిది కుట్టించమని. గానుగ దగ్గరి కూలీ ఒకడు, "జేబులు ఎన్ని పెట్టాలమ్మా?" అన్నాడు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. ఆ నవ్వులో ఆ మాట కొట్టుకుపోయింది. మాత్ర అయితే చేతికి దొరికే వస్తువు, మింగితే పని జరుగుతుంది. గుర్రానికి అంగీ కుట్టడం వైద్యమని ఎవరికి తోస్తుంది?

బాధ్యత మొత్తం నేను నెత్తిన వేసుకుని అక్కడే ఉండిపోయాను. తెల్ల రంగు వేసిన ఒక రేకు పలక దొరికితే, దాని మీద ఐదు వరుసలు రాసి కొట్టం బయటి గుంజకు వేలాడదీశాను. పొద్దునా సాయంత్రమూ కొట్టంలోనే కట్టవలెను. గిట్టలు రెండు పూటలా పట్టి చూడవలెను. మందు ఒక్క పూట కూడా తప్పరాదు, ఉన్నట్టుండి ఆపరాదు. పచ్చిగడ్డి, చెరుకు ఆకు వేయరాదు. ఈ నాలుగూ నీలం స్కెచ్ పెన్నుతో రాశాను. ఐదోది, బెల్లం పెట్టరాదు అన్నది, ట్రాక్టరుకు వేయగా మిగిలిన ఎర్ర పెయింటుతో, పోస్టరు అక్షరమంత లావుగా రాశాను. నా వాళ్ల సంగతి నాకు తెలుసు గదా. రెండో రోజే మా అక్క దొరికిపోయింది. పెనం దించిన చేత్తోనే గోలీకాయంత బెల్లం కొంగు చాటున తెచ్చి అమ్మణ్ణి మూతికి అందిస్తోంది. నేను ఆమెను కూలీల ముందే కేకలేశాను. నా కంటే పదేళ్లు పెద్దది, నన్ను ఎత్తుకుని తిప్పిన మనిషి. రెండో తరగతి చదువు. ఆమెను ఆ పలక ముందు నిలబెట్టి ఐదో వరుస చదివించాను. వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. తర్వాత వేలికి అంటిన బెల్లం కొంగుకు తుడుచుకుని, "తప్పయిపోయింది లేరా అబ్బోడా" అని లోపలికి పోయింది. ఆ పూట ఆమె అన్నం తినలేదని నాకు తర్వాత తెలిసింది.

మాత్రలు ఇవ్వడం అనుకున్నంత సులువు కాదు. గుర్రం బరువుకు పూటకు పదిహేను మాత్రలు. మందుల అంగడి అబ్బాయి చీటీ చూసి, ఎవరికి సార్ ఇన్ని అని భయపడ్డాడు. పొడి చేసి నీళ్లలో కలిపి, పెద్ద పిచికారీతో నోటి పక్క నుంచి పోయమని డాక్టరమ్మ చెప్పింది. మొదటి పూట అమ్మణ్ణి ఆ తెల్ల నీళ్లన్నీ నా చొక్కా మీదికే ఊసింది. రెండో పూట తవుడులో కలిపితే, తవుడంతా తిని, మందున్న చోటు మాత్రం మూతితో పక్కకు నెట్టింది. వేలితో నాలుక మీద పెట్టుకుని చూశాను, అంత చేదు అది. మందు ఒక్క పూట కూడా తప్పరాదని రాసింది నేనే కదా, ఊరుకుంటానా? మూడో పూట నుంచి పదిహేను మాత్రలనూ పొడి కొట్టి, కొబ్బరికాయంత మెత్తని ముద్దలో దూర్చి, పైన తవుడు అద్ది పెట్టాను. కళ్లు మూసుకుని చప్పరిస్తూ తినేసింది. మా ఇళ్లల్లో చేదు మందు ఏదైనా అట్లాగే లోపలికి పోతుంది. నాకు చిన్నప్పుడు కడుపులో పురుగులకు వేపాకు ముద్ద వేసినా, మలేరియాకు క్వినైన్ వేసినా మా అమ్మ అట్లాగే పెట్టింది. దూడలకూ అట్లాగే పెట్టింది. నేను ముద్ద చుడుతుంటే మా బావ చూసేవాడు, మా అక్క చూసేది, కూలీలు చూసేవాళ్లు. ఎవరికీ ఏమీ అనిపించలేదు. మూడో రోజుకు అమ్మణ్ణి కూసం జోలికి పోవడం తగ్గించింది. ఐదో రోజు మధ్యాహ్నం ఎండలో కాళ్లు చాపి పడుకుని గురక పెట్టింది. మా బావ గానుగ ఆపించి, దాని నిద్ర చెడకుండా కూలీలందరినీ చెట్టు కిందికి పంపేశాడు. పాకం మాడిపోతుందని మా అక్క అరిచినా వినలేదు. పుండ్ల చుట్టూ గులాబీ రంగు కొత్త చర్మం కనిపించింది. నేను రోజూ నోటు పుస్తకంలో మందు వేళ, మేత, గిట్టల వేడి రాసుకుంటూ, ఎంత తెలివిగా నడిపించాను అని లోలోపల మురిసిపోయాను.

ఎనిమిదో రోజు పొద్దున మా బావ నన్ను పిలిచాడు. అమ్మణ్ణి ముందు కాళ్లు రెండూ ముందుకు చాపి, బరువంతా వెనక కాళ్ల మీద వేసి, వెనక్కి వాలినట్టు నిలబడి ఉంది. మంచులో చిక్కుకున్నవాడు అడుగు తీయనట్టు, అడుగు తీయడం లేదు. ముందు గిట్టలు పట్టి చూస్తే పొయ్యిలోంచి తీసిన ఇటుక ముక్కంత వేడి. నిన్న సాయంత్రం కూడా పట్టి చూశాను, రవంత వెచ్చగా ఉంటే ఎండ అనుకున్నాను. డాక్టరమ్మ గంటలో వచ్చింది. నేను నోటు పుస్తకం తెరిచి, ఏ పూటా మందు తప్పలేదని, చెరుకు ఆకు ఒక్కటి వేయలేదని, అన్నీ పలక మీద రాసినట్టే చేశామని చదివి వినిపించాను. ఆమె గిట్ట దగ్గర వంగి వింటూ, తల ఎత్తకుండానే అడిగింది.

"అన్ని మాత్రలు ఎట్ల మింగింది పెద్దాయనా?"

"బెల్లంలోనమ్మా," అన్నాను.

అన్న తర్వాత నా మాట నాకే వినిపించింది. నా వెనకాలే ఆ పలక ఉంది. ఎవరూ దాని వైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి అందరూ ఎంత కష్టపడుతున్నారో నాకు తెలిసింది. నా గోళ్ల సందుల్లో పొద్దుటి బెల్లం ఇంకా ఉంది. డాక్టరమ్మ లేచి నిలబడింది. ఆమె నోరు తెరవక ముందే మా అక్క ముందుకొచ్చింది. వారం కిందట నేను కూలీల ముందు తల వంచుకునేట్టు నిలబెట్టిన మా అక్క.

"మందుకు బెల్లం పెట్టకపోతే ఎట్ల మింగుతాదిమ్మా?" అంది. "మా అమ్మ మా అందరికీ అట్లనే పెట్టింది. వాడు తెలిసి చేసింది కాదు. మేమంతా సూస్తానే ఉంటిమి, మాకు మాత్రం తోచిందా?"

డాక్టరమ్మ చేతులు తుడుచుకుంది. తర్వాత నెమ్మదిగా, ఇది బెల్లం వల్లో, మందు వల్లో, రెండూ కలిసో నేను చెప్పలేను అంది. లావు గుర్రానికి బెల్లం లేకపోయినా ఇట్లా కావచ్చట. నన్ను ఓదార్చడానికి అన్నదో, నిజమే అన్నదో నాకు ఇవాళ్టికీ తెలియదు. ఎన్ని పుస్తకాలు తిరగేసినా ఆ సంగతి తేల్చే వరుస ఒక్కటి దొరకలేదు.

ఆ తర్వాతి ఇరవై రోజులు నేను ఏ కాగితమూ చదవలేదు, చెప్పిన పని చేశాను. చిత్తూరు నుంచి ఐసు దిమ్మలు తెప్పించి గోనెపట్టాలో కొట్టి, బకెట్లలో వేసి, మొదటి మూడు రోజులు దాని ముందు గిట్టలు అందులోనే పెట్టించాం. కొట్టంలో మోకాటి లోతున ఇసుక, దాని మీద ఎండిన చెరుకు పిప్పి పరిచాం. మాత్రలను మెట్లు దిగినట్టు తగ్గించి ఆపేశాం. ఆ మిగిలిన మాత్రలు పిచికారీతోనే పోశాను. ఆ తెల్ల నీళ్లకు నా చొక్కాలు మూడు పాడయ్యాయి. దురద మళ్లీ వస్తుందేమోనని భయపడుతుంటే, మా అక్క ఎవరితోనూ అనకుండా నగరి నుంచి పల్చటి మగ్గం గుడ్డ తెప్పించి, అమ్మణ్ణి వీపు కొలత పురికొసతో తీసి, తన కుట్టు మిషను మీద అంగీ కుట్టింది. జేబు లేదు. పొద్దునా సాయంత్రమూ ఆ అంగీ, కొట్టంలో ఫ్యాను. ఆ ఏడే కాదు, తర్వాత ఏ కార్తీకంలోనూ అమ్మణ్ణి కూసానికి మెడ రాయలేదు. మొదటి రోజే డాక్టరమ్మ చెప్పిన మాట అది. ఆ రోజు మేము నవ్వకుండా ఉంటే పదిహేను మాత్రల ముద్ద అవసరం ఎన్నాళ్లు ఉండేదో! అయితే ఒకటి చెప్పాలి. ఆ మందు లేకపోతే ఆ వారం అది బతికేదో లేదో కూడా నేను చెప్పలేను. ఐదో రోజు మధ్యాహ్నం ఎండలో అది పెట్టిన గురక నా చెవుల్లో ఉంది. ఆ మందును తిట్టబోయినప్పుడల్లా ఆ గురక నా నోరు నొక్కేస్తుంది.

అమ్మణ్ణి బతికింది. కాకపోతే గులకరాళ్ల మీద, చెప్పుల్లేకుండా ఎండలో నడిచే పట్నం మనిషిలా ఆచితూచి అడుగేసేది. మళ్లీ ఏ పెళ్లికొడుకునూ మోయలేదు. పెళ్లిళ్లకు మాత్రం పోయేది. మా బావ దాని తలకు మల్లెపూలు చుట్టి, మట్టి వీధి వరకు పూల కారు ముందు ఖాళీ వీపుతో నడిపించి తిప్పుకొచ్చేవాడు. నేను ఊరికి తిరిగి వచ్చే ముందు రోజు, ఆ పలకను పీకేయడానికి స్టూలు ఎక్కాను. మా బావ కింద నుంచి నా పంచె అంచు పట్టుకున్నాడు. "ఉండనీబ్బా," అన్నాడు. "రాసింది తప్పు కాదు గదా." మా అక్క దగ్గరికి పోయి ఏదో అనబోయాను. ఆమె నా చేతిలో కాఫీ పెట్టి, నన్ను అన్న మాటలన్నీ నిన్ను నువ్వు అనుకునే ఉంటావు, ఇంగ నేనేంటికి అనేది అంది. అంతకు మించి ఆ సంగతి మా మధ్య ఎప్పుడూ రాలేదు.

భూతద్దం పక్కన పెట్టిన ఆ సాయంత్రమే మళ్లీ డాక్టరు కుర్రాడి దగ్గరికి పోయాను. నాకు చక్కెర జబ్బు ఉందని, ఈ మందు ఎట్లా దిగాలో చెప్పమని అడిగాను. అతను కంప్యూటరు పక్కకు తిప్పి పావుగంట చెప్పాడు, మోతాదు సగం చేశాడు. అడిగితే చెప్పే మనిషే. మొదటిసారి నేనే అడగలేదు. ఇంటికొచ్చి మాత్ర నోట్లో వేసుకుంటే అదే చేదు. మా ఆవిడ అలవాటు కొద్దీ బెల్లం డబ్బా తెరిచింది. వద్దన్నాను. మంచినీళ్లతో మింగేశాను.

అమ్మణ్ణి పోయి ఐదేళ్లయింది. మా బావ పోయి రెండేళ్లు. పోయిన మాఘంలో అక్కను చూడ్డానికి పోయినప్పుడు కొట్టంలోకి తొంగిచూశాను. ఇప్పుడందులో మోటారు పైపులు పెట్టుకున్నారు. రాతి కూసం ఒకవైపు నున్నగా అరిగి మెరుస్తోంది. రేకు పలక గుంజకు అట్లాగే వేలాడుతోంది. స్కెచ్ పెన్నుతో రాసిన నాలుగు వరుసలూ ఆనవాలు లేకుండా పోయాయి. ఎర్ర పెయింటుతో రాసింది ఒక్కటే మిగిలింది. నేను పొల్లు పోకుండా పాటించిన నాలుగు మాటలనూ కాలం ఎండకూ వానకూ అప్పగించి తుడిపించేసింది. పాటించని ఆ ఒక్క మాటను మాత్రం, మళ్లీ ఒకసారి నా చేత చదివించడానికేమో, అట్లాగే ఉంచింది.